ఉద్యాపన లేని నోము

పొద్దున ఆరు యాభై ఐదుకి, తొంభై సెకన్లు. నా ఉద్యోగంలో అంతకన్నా చిన్న పని ఇంకోటి లేదు. రేడియోలో మీరేం రాస్తారండీ అని ఎవరైనా అడిగితే ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చెబుతాను.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం. కింద నాలుగు అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఐదో అంతస్తులో మా ఎఫ్‌ఎం స్టేషన్. అంతకుముందు చాలా ఏళ్ళు పత్రికలో ఇతరుల తెలుగు దిద్దిన వాణ్ణి కాబట్టి నా తెలుగు మీద నాకు కాస్త పొగరు. పొద్దున్నే కూకట్‌పల్లిలో స్కూటరు తీసి ఆరున్నరకల్లా ఆఫీసు సెల్లార్‌లో పెట్టేస్తాను. మా పొద్దుటి షో ఊరందరికీ తెలిసిన సరుకే. రెండు సినిమా పాటలు, ఏ ఫ్లైఓవర్ మీద ఎన్ని బండ్లు నిలిచిపోయాయో ఓ మాట, కోకాపేటలో ఫ్లాటు కొనుక్కోమని ఓ ప్రకటన, మళ్ళీ రెండు పాటలు. ఆ సందడి మధ్యలో వేణువు మోగేది. ఒక బరువైన గొంతు "పొద్దుటి మాట" అని, దేవుడి గురించో ధర్మం గురించో తొంభై సెకన్లు చెప్పేది. అది అయిపోగానే ఊపిరి కూడా తీసుకోకుండా ఐటెం సాంగ్.

మొదట్లో ఆ మాట చెప్పవలసినవాళ్ళే చెప్పేవారు. ఒక పూజారిగారు, ఒక పాస్టరుగారు, ఒక మౌల్వీ సాబ్ వంతుల ప్రకారం వచ్చి రికార్డు చేసి వెళ్ళేవారు. ముగ్గురూ మంచివాళ్ళే. కాకపోతే తొంభై సెకన్లంటే ఎంతో ముగ్గురికీ అంతుబట్టేది కాదు. పూజారిగారు శ్లోకం ఎత్తుకుంటే అర్థం దగ్గరికి వచ్చేసరికి ఎనభై సెకన్లు అయిపోయేవి. పాస్టరుగారు చివర్లో ప్రార్థన లేకుండా ముగించలేనండీ అని చేతులు జోడించేవారు.

మౌల్వీ సాబ్ ఒకరోజు సగం మాట్లాడి ఆగిపోయారు. హెడ్‌ఫోన్లు తీసేసి, "జర ఆగండి. ఈ మాట నాకు పక్కా యాద్ లేదు. ఇంటికి పోయి కితాబు చూసి రేపొచ్చి చెప్తా" అన్నారు. స్టూడియో మాకు ఆ ఒక్క గంటే కేటాయించారు, ఎడిటింగ్ కుర్రవాడు వాచీ చూసుకుంటున్నాడు. నేను నవ్వుతూ, "ఎవరు వింటారు సాబ్, చెప్పేయండి" అన్నాను. ఆయన టోపీ సర్దుకుని లేచిపోయారు. మర్నాడు టోలిచౌకి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, ఆ ఒక్క వాక్యమూ సరిచేసి చెప్పి వెళ్ళారు. ఈయనకు పనిలేదు కాబోలు అనుకున్నాను.

వీళ్ళతో వేగలేక మా ప్రోగ్రామింగ్ హెడ్ ఒకరోజు తేల్చేశాడు. "సర్, మీరే రాసేయండి. మన వాయిస్ ఆర్టిస్ట్ చదివేస్తాడు. సింపుల్." ఫ్లాటు కొనుక్కోమని చెప్పే ఆ గొంతే ఇక నుంచి మోక్షం గురించి కూడా చెబుతుందన్నమాట. నేను భక్తుణ్ణి కాను, నాస్తికుణ్ణీ కాను. గుడికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటాను, మంగళవారం మాత్రం క్షవరం చేయించుకోను. అలాంటివాడి చేతికి ముగ్గురు పెద్దమనుషుల పని వచ్చింది. నాకేమీ బెరుకనిపించలేదు. ఒక్క సాయంత్రం కూర్చుంటే వారానికి సరిపడా రాసిపడేసేవాణ్ణి.

ఆ రాతకు ఒక కిటుకు ఉంది. మొదటి వాక్యంలో "మన పెద్దలు" అని పడాలి. అది పడ్డాక ఇక ఎవరూ ఏమీ అడగరు. ఏ పెద్దలు, ఏ ఊరివాళ్ళు, ఎప్పుడన్నారు అని నిలదీసేవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. అలా ఆ ఏడాది నేను మన పెద్దల నోట పెట్టిన మాటలు చూస్తే వాళ్ళే ఆశ్చర్యపోయి ఉండేవారు.

ఆ వారం ఆరు రాశాను. ఏడోది ఎంతకీ తెగలేదు. ఇంటికి వెళ్ళాలన్న తొందర, ట్రాఫిక్ పెరిగిపోతుందన్న చిరాకు. బల్ల మీద నీళ్ళ సీసా కనబడింది. అదే రాశాను. మన పెద్దలకు ఒక నోము ఉండేది. నిద్ర లేచాక మొదట ఇంకొకరికి తాగడానికి నీళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే నోరు విప్పి మాట్లాడేవారు. అలా ఇరవై ఒక్క రోజులు చేస్తే ఇంట్లో కలహం చల్లారుతుందని వాళ్ళ నమ్మకం. పదకొండు అంటే మరీ తేలిగ్గా ఉంటుంది, నలభై ఒకటి అయ్యప్పస్వామి వాళ్ళది, అందుకని ఇరవై ఒకటి అన్నాను. చదువుకుంటే బాగానే ఉందనిపించింది. మెయిల్ చేసి స్కూటరు తీశాను.

మా అంతస్తు ఊడ్చి తుడిచే ఒకామె ఉండేది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం, కొడుకూ కోడలితో కలిసి మాదాపూర్ వెనక బస్తీలో కిరాయికి ఒక్క గదిలో ఉండేవాళ్ళు. యాభై దాటి ఉంటాయి. చెవిలో ఎప్పుడూ ఒక ఇయర్‌ఫోన్, రెండోది మెడ మీద వేలాడుతూ ఉండేది. మా స్టేషనే వినేది. పొద్దుటి మాట రాసేది నేనని ఆమెకు తెలియదు. "గీడనే ఉంటరు, ఒక్కనాడు వినరు సార్ మీరు. ఇయ్యాల ఎంత మంచిగ చెప్పిండు ఎర్కనా" అంటూ నేను రాసిందే నాకు అప్పజెప్పేది. నేను తల ఊపేవాణ్ణి. చెప్పకపోవడంలో ఒక సరదా ఉండేది. నా రాత గురించి నా ముందే, నేనని తెలియకుండా ఒకరు మెచ్చుకుంటుంటే చేదేముంటుంది?

నీళ్ళ నోము ప్రసారమై రెండు వారాలు అయ్యుంటుంది. ఒక పొద్దున ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి స్టీలు గ్లాసు పెట్టింది. ఏమిటమ్మా అన్నాను. పలకలేదు. తాగమని చేత్తో సైగ చేసింది. గొంతు నొప్పి కాబోలనుకుని తాగాను. నేను గ్లాసు కింద పెట్టగానే ఊపిరి వదిలి, నవ్వింది.

"ఇగ మాట్లాడొచ్చు సార్. రోజు నా కోడలికి ఇస్త. ఇయ్యాల అది నిద్ర లేవకముందే రావల్సొచ్చింది. ఎవ్వలకన్న ఇయ్యాలె గదా, అందుకని మీకు తెచ్చిన."

"దేనికమ్మా ఇదంతా?"

"రేడియోల చెప్పలేదా సార్? నోము పట్టిన. మా ఇంట్ల పొద్దుగాల నల్లా వచ్చే టైముకే లొల్లి మొదలైతది. బిందె నువ్వు ముందు పెట్టినవా నేను ముందు పెట్టిననా అని. నా నోరు మంచిది కాదు సార్, నాకే తెలుసు. అది ఒక్కటంటే నేను పదంట. వేరు కుండ పెడ్తమని నా కొడుకు మొన్ననే అన్నడు. వాడు వేరు పోతే నేనెక్కడుండాలె? ఇప్పుడేమో, లేవంగనే దానికి గ్లాసు నీళ్ళిచ్చేదాక నేను నోరే తెరువ. ఇచ్చినంక ఇగ లొల్లి పెట్టుకోబుద్ధి కాదు. పన్నెండు దినాలాయె, ఒక్క మాట అనుకోలే."

ఆమె మొహం వెలిగిపోతోంది. నిజం చెప్పాలంటే నాకు గర్వం వేసింది. ఇంతకాలం రాసిన రాతల్లో ఒకటి ఒక ఇంటిని నిలబెట్టిందని, ఏ పత్రికా నాకీ తృప్తి ఇవ్వలేదని ఏదేదో అనుకున్నాను. ఆ మాట ఎక్కడిదో చెప్పవలసిన సమయం అదే. చెప్పలేదు సరికదా, "మంచిదమ్మా, వదలకుండా చేయండి" అన్నాను.

వదలకుండానే చేసింది. తర్వాత వాళ్ళ షిఫ్టు మారింది. ఆరున్నరకల్లా సెల్లార్‌లో వరసగా నిలబడాలి. సూపర్‌వైజర్ కాగితం చూసి పేర్లు పిలుస్తాడు, ప్రతి ఒక్కరూ గట్టిగా పలకాలి, ఆ తర్వాత ఎవరికే అంతస్తో పంచుతాడు. అంత పొద్దున్నే కోడలు లేవదు కాబట్టి ఆమె గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకి నీళ్ళిచ్చి లోపలికి వచ్చేదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

ఆ రోజు నేను స్కూటరుకు స్టాండ్ వేస్తున్నాను. వరస అప్పటికే నిలబడి ఉంది. ఆమె ఆఖర్న పరుగెత్తుకుంటూ వచ్చి కలిసింది. గేటు దగ్గర ఆ పూట గార్డు లేడు. కొత్త సూపర్‌వైజర్, పాతికేళ్ళ మనిషి, ఆమె పేరు పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె రెండడుగులు ముందుకు వేసి సీసా మూత తీసి అతని ముందుకు చాపింది.

"ఏందమ్మా ఇది? నేను నీళ్ళడిగిన్నా? పేరు పిలిస్తే పలుకుమన్న."

ఆమె తల అడ్డంగా ఊపి, తాగమని సైగ చేసింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి మండింది.

"అందరి ముంగట నన్ను ఎర్రోన్ని చేస్తున్నవా? నోరు లేదా నీకు?"

అప్పుడామె అటూ ఇటూ చూసింది. పక్కవాళ్ళు సూపర్‌వైజర్ భయానికి తల తిప్పుకున్నారు. నేను కనబడ్డాను. ఒకసారి ఆమె చేతి నీళ్ళు తాగినవాణ్ణి, సంగతి తెలిసినవాణ్ణి. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సీసా పట్టుకుని నావైపు రాబోయింది. మా మధ్య పదడుగులు కూడా లేవు. నేను ఎదురెళ్ళి ఒక్క గుక్క తాగితే ఆమె నోరు తెరిచి "ప్రజెంట్ సార్" అనేది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఆ కుర్రాడికి నేనేమీ సంజాయిషీ కూడా చెప్పనక్కర్లేదు.

నేను జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటూ లిఫ్టు వైపు నడిచాను.

ఎందుకలా చేశానో చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. టైమైపోతోందని కాదు, పది నిమిషాలు ముందే వచ్చాను. ఇరవైమంది హౌస్‌కీపింగ్ వాళ్ళ ముందు, సెల్లార్‌లో, ఎంగిలి సీసా ఎత్తి నీళ్ళు తాగడం నామోషీ అనిపించింది. రెండోది ఇంకా నీచమైన కారణం. దగ్గరికి వెళితే ఏదో ఒకటి మాట్లాడాలి, మాట్లాడితే ఆ నోము ఎవరిదో బయటపడుతుందేమోనని భయం. లిఫ్టు తలుపులు మూసుకునే ముందు అతను "పో, ఇంటికి పో, ఇయ్యాల నీకు డ్యూటీ లేదు" అనడం వినిపించింది. పైకి వెళ్ళి టీ తాగాను. ఆరు యాభై ఐదుకి వేణువు మోగింది.

గార్డు లేక ఇంకో రెండు పూటలు అలాగే జరిగిందట. ఆ తర్వాత ఆమె కనబడలేదు. నానక్‌రామ్‌గూడలో కొత్తగా లేచిన టవర్‌కి మార్చేశారని చెప్పారు. ఆమె ఇంటి నుంచి అక్కడికి రెండు షేర్ ఆటోలు మారాలి.

అయినా అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక పిరికివాడి కథ అయ్యేది. నేను ఆగలేదు.

అదే నెలలో మా హెడ్ మీటింగ్ పెట్టాడు. పొద్దుటి మాట మీద శ్రోతల నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. మతం ఇంట్లో పెట్టుకుంటాం, మాకు ట్రాఫిక్ సంగతి చెప్పండి చాలు అని ఒకరు. అందరి మతాల మాటా చెబుతున్నామంటారు గానీ వినిపించేది ఒకటే అని ఇంకొకరు. రెండింటిలోనూ నిజం ఉంది. హెడ్ బల్ల చుట్టూ చూసి, "పాటల స్టేషన్‌లో ఇలాంటివి ఉండాలా, వద్దా? ఒక్కొక్కరూ మీ ఒపీనియన్ చెప్పండి" అన్నాడు. సేల్స్ అమ్మాయి ఉండాలంది, పెద్దవాళ్ళు దానికోసమే రేడియో పెడతారట. పాటలు ఎంచే అతను వద్దన్నాడు, దాని తర్వాత ఏ పాట వేసినా బూతులా వినిపిస్తుందట. నా వంతు వచ్చింది.

నేను ఆ సీసా కథ చెప్పాను.

బాగా చెప్పాను కూడా. పేరు పిలిస్తే పలక్కుండా ఆమె సీసా చాపిన తీరు, తల ఊపిన తీరు చేసి మరీ చూపించాను. అందరూ పగలబడి నవ్వారు. "చూశారా, వీళ్ళు మనం చెప్పిందల్లా పట్టేసుకుంటారు. నమ్మేవాళ్ళ చెవిలో తొంభై సెకన్లలో ఏదిపడితే అది పోయకూడదు. ఆపేయడమే మంచిది" అని ముగించాను. ఎంత బాధ్యతగా మాట్లాడానో! ఆ నోము నేను కల్పించిందని చెప్పలేదు. సెల్లార్‌లో నేనున్నానని చెప్పలేదు. ఆమె ఉద్యోగం చోటు మారిందని కూడా చెప్పలేదు, చెబితే నవ్వు ఆగిపోతుందని. హెడ్ "పాయింట్ సర్" అని రాసుకున్నాడు. మరుసటి సోమవారం నుంచి ఆ తొంభై సెకన్లలో వాతావరణం చెప్పడం మొదలుపెట్టాం.

పొద్దున పూట పాటల మధ్య దేవుడి మాట ఉండాలా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. ఒకప్పుడైతే ఉంటే ఉండనీ అనేవాణ్ణి. మీటింగులో ఠక్కున వద్దన్నాను. ఇప్పుడు ఆ ప్రశ్న వినగానే నాకు మౌల్వీ సాబ్ హెడ్‌ఫోన్లు తీయడం గుర్తుకొస్తుంది. ఎవరు వింటారు అని ఆయనతో అన్నది నేనే. ఆయన మాత్రం ఎవరో ఒకరు వింటున్నారనే అనుకుని రెండు బస్సులు మారి వచ్చారు. స్లాటు ఉంచాలా తీసేయాలా అని మేం బల్ల చుట్టూ కూర్చుని తర్కించుకుంటున్నప్పుడు, మాలో ఒక్కరం కూడా అవతల ఒక మనిషి ఉందని అనుకోలేదు. నాకైతే ఆమె ఎవరో, ఏ గదిలో ఉంటుందో, ఎందుకు వింటోందో తెలుసు. తెలిసి కూడా అనుకోలేదు.

కొన్ని వారాల తర్వాత, మా అంతస్తుకు కొత్తగా వేసిన అమ్మాయి చీపురు గోడకు ఆనించి నా బల్ల దగ్గర ఆగింది. ఇదివరకటి ఆమె ఉండే బస్తీలోనే ఉంటుందట.

"సార్, అక్క మిమ్మల్ని ఒక మాట అడగమన్నది. రేడియోల పొద్దుగాల మాట ఎందుకు బందు పెట్టిండ్రని."

"ఏం, ఎందుకట?"

"నోము పట్టింది గదా సార్. ఇరవై ఒక్క దినాలు ఎప్పుడో అయిపోయినయి. ఉద్యాపన ఎట్ల చెయ్యాలెనో చెప్పలేదంట. ఉద్యాపన లేకుంట నోము ఇడిస్తే ఇంటికి మంచిది కాదు గదా. ఎన్నడన్న చెప్తరేమో అని రోజు వింటుండె. ఇప్పుడు మొత్తం బందైపాయె, ఎట్ల అని ఒకటే పరేషాన్ ఉన్నది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ నోముకైనా చివర ఉద్యాపన ఉంటుందని, ముత్తయిదువను పిలిచో వాయనమిచ్చో దాన్ని తీర్చుకుంటేనే నోము ముగిసినట్టని మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. నేను మర్చిపోయాను. ట్రాఫిక్ పెరుగుతుందని తొందరలో ఉన్నాను, తొంభై సెకన్లు నిండిపోయాయి. సెల్లార్‌లో ఆమెను చూసిన రోజుకే నోము నలభై రోజులు దాటింది. ఇంకా ఎందుకు చేస్తోందని ఆ రోజు నాకు అనుమానం కూడా రాలేదు. మొండి మనిషి అనుకున్నాను. ఆమె ముగించడం ఎలాగో తెలియక చేస్తోంది. ఆ ముగింపు చెప్పగల ఒక్కగానొక్క చోటును నేనే మీటింగులో నవ్వించి మూయించాను.

కనుక్కుంటానని ఆ అమ్మాయిని పంపేశాను. మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. అక్కడి తవ్విపోసిన రోడ్ల మీద స్కూటరు నడపడం నావల్ల కాదు, గచ్చిబౌలిలో షేర్ ఆటో ఎక్కాను. దారిపొడుగునా ఒకటే వాక్యం వల్లె వేసుకున్నాను. "అమ్మా, అది నిజం నోము కాదు, నేను కల్పించాను, క్షమించండి." మూడు ముక్కలు. పత్రికలో సవరణ వేసినట్టు వేసేస్తే అయిపోతుంది అనుకున్నాను.

టవర్ గేటు బయట, పిట్టగోడ మీద కూర్చుని ఉంది. ఇంకా వరస కట్టలేదు. నన్ను చూడగానే లేచి, నవ్వి, సంచిలోంచి సీసా తీసింది. మూత తీసి రెండు చేతులతో చాపింది. నేను తాగేదాకా ఆమె మాట్లాడదు. నేను కల్పించిన నియమానికి తలవంచి, నిలబడి, ఆ నీళ్ళు తాగాను. ఒక్క గుక్క చాలు, నేను సగం సీసా తాగాను.

"గింత దూరం వచ్చిండ్రేంది సార్? మంచిగున్నరా?"

"బాగున్నానమ్మా. ఇంట్లో ఎలా ఉంది?"

"లొల్లి లేదు సార్. కానీ ఇప్పుడు నేను ఐదుకే లేచి పోవాలె గదా, అది లేసేటాల్లకు నేనుండ. దాని మొఖం చూసుడే తక్కువైంది." తర్వాత తనే నన్ను ఓదారుస్తున్నట్టు అంది. "ఆ దినం సెల్లార్ల మీరు నన్ను చూడలే గదా సార్. ఫోన్ల ఉండిండ్రు. చూస్తే వచ్చి తాగుతుంటిరి, నాకు తెల్వదా."

అప్పుడైనా చూశానని చెప్పాలి. "అవునమ్మా, చూడలేదు" అన్నాను.

ఇక ఆలస్యం చేస్తే నా వాక్యం నోట్లోనే ఉండిపోతుందని, "ఆ పొద్దుటి మాట రాసేది నేనే" అనేశాను. ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. కాదు, సంబరపడింది.

"మీరా? గిన్ని దినాలు చెప్పకపోతిరి! గట్లయితే మీకు ఎర్కుంటది. ఈ నోము మీకు ఎవలు చెప్పిండ్రు సార్?"

ఆ మొహం మీద ఎంత నమ్మకముందంటే, వల్లె వేసుకుని వచ్చిన మూడు ముక్కల్లో ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"మా నాయనమ్మ" అన్నాను.

మా నాయనమ్మను నేను చూడనైనా లేదు. నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఫోటో కూడా లేదు.

"పెద్దమనిషి" అని ఆమె చేతులు జోడించి కళ్ళకద్దుకుంది. "మరి ఉద్యాపన ఎట్ల చేస్తుండె సార్ ఆమె?"

నేను ఆలోచించాను. అవును, అక్కడ నిలబడి, ఆమె ఎదురుగా, ఏడో స్క్రిప్టు రాసినట్టే ఆలోచించాను. వినడానికి ఏది బాగుంటుందా అని. "ఏం లేదమ్మా. ఎవరికోసం నోము పట్టారో వాళ్ళ చేత్తో ఒక గ్లాసు నీళ్ళు ఇప్పించుకుని తాగితే తీరిపోయినట్టే" అన్నాను. బాగా కుదిరిందనిపించింది. ఇచ్చిన నీళ్ళు తిరిగి రావడం.

ఆమె మొహంలో వెలుగు తగ్గింది.

"కోడలియ్యాల్నా?"

"అవును."

"అడిగి ఇప్పించుకోవచ్చా సార్, అదే ఇయ్యాల్నా?"

"అడగవచ్చు."

"దాన్ని నేను ఎన్నడు ఏమడగలే సార్" అని నెమ్మదిగా మూత బిగించింది. "సరే, చూస్త."

లోపల పేర్లు పిలవడం మొదలైంది. ఆమె దండం పెట్టి వెళ్ళిపోయింది. తన పేరు రాగానే గట్టిగా "ప్రజెంట్ సార్" అనడం గేటు బయటికి వినిపించింది.

తిరుగు ఆటో గచ్చిబౌలి దాకా వచ్చాక తట్టింది. నోము చెప్పినవాళ్ళ చేత్తో నీళ్ళు తాగితే తీరిపోతుందమ్మా అని ఉంటే చాలు. ఆ సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. నా చేత్తో ఇచ్చి ఉంటే అక్కడికక్కడే ఆమెకు విడుదల. అబద్ధం చెప్పడానికి కూడా తెగించినవాణ్ణి, ఆ అబద్ధంలోనైనా నా వంతు ఒక గ్లాసు నీళ్ళు పెట్టుకోవడం నాకు తోచలేదు. మళ్ళీ ఆమె మీదే వేశాను. అదీ ఆమెకు అన్నిటికన్నా కష్టమైన పని చూసి మరీ.

తిరిగి వెళ్ళి ఉద్యాపన మార్చి చెబుదామని రెండుసార్లు బయలుదేరాను. మారిస్తే నాయనమ్మ కూడా అబద్ధమని తెలిసిపోతుంది, ఇన్ని నెలల నోమూ ఉత్తదని తెలిసిపోతుంది. నల్లా దగ్గర మళ్ళీ బిందెల గొడవ మొదలవుతుందేమో. ఇవన్నీ ఆమె కోసం ఆలోచిస్తున్నట్టు ఆలోచించి, రెండుసార్లూ గచ్చిబౌలి నుంచి వెనక్కి వచ్చేశాను.

మా అంతస్తు ఊడ్చే అమ్మాయిని రోజూ పొద్దున్నే అడుగుతున్నాను. ఆమెకు నేనేదో పాపం పట్టించుకునే మంచివాడిలా కనిపిస్తున్నాను.

"మీ అక్కకి కోడలు నీళ్ళిచ్చిందామ్మా?"

"ఇంక అడగలేదంట సార్. రేపు అడుగుతదంట."